మట్టి గుర్రం నుంచి పాలిమర్ క్లే ఏనుగు దాకా: మన ఏటి ఒడ్డు బొమ్మల కథ



ఈసారి వేసవి తరగతుల్లో పిల్లలకు జంతువుల బొమ్మలు చేయడం నేర్పుదామని మనం అనుకున్నప్పుడు రెండు రకాల మాటలు వచ్చాయి. పిల్లలు పాలిమర్ క్లే కావాలన్నారు. రంగు రంగుల ముద్దలు, వేలెడంత ఏనుగులు, కుందేళ్ళు, ఇంట్లో ఓవెన్లో పెడితే గట్టిపడిపోతాయి. పెద్దవాళ్ళలో కొందరు "మన ఊరి మట్టి ఉండగా డబ్బిచ్చి ప్లాస్టిక్ ముద్ద ఎందుకు?" అన్నారు. ఇంకొందరు "అదీ మట్టే కదా, పేరులోనే క్లే అని ఉంది" అన్నారు. మాట తెగలేదు. అందుకే కాస్త వెనక్కి వెళ్ళి, పళ్ళికొండ, గుడియాత్తం, వేలూరు చుట్టుపక్కల జంతువుల బొమ్మ ఎప్పటినుంచి ఉంది, ఎందుకు చేశారు, ఈ కొత్త ముద్ద ఎక్కడినుంచి వచ్చింది అని ఒకచోట రాసి పెడదామనిపించింది. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మన నేల సంగతి. గుడియాత్తం మధ్యగా పోయే కౌండిన్య నది పుట్టేది ఆంధ్ర వైపు కొండల్లో. పలమనేరు మీదుగా దిగి, మోర్ధానా దాటి, గుడియాత్తం వచ్చి, కింద పాలారులో కలుస్తుంది. అంటే పలమనేరు కుమ్మరి తొక్కే మన్నూ, మన వైపు కుమ్మరి తొక్కే మన్నూ ఒకే ఏటి అక్కాచెల్లెళ్ళు. ఇవాళ మధ్యలో రాష్ట్రాల సరిహద్దు ఉంది గానీ, ఒకప్పుడు జిల్లా సరిహద్దు కూడా లేదు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, తిరుపతి ఉన్న చంద్రగిరి తాలూకా అన్నీ మనతో పాటు ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. అప్పటి జిల్లా కేంద్రం కూడా చిత్తూరే. ఆ తర్వాతే వేలూరు కేంద్రమైంది. కాబట్టి మన బొమ్మల చరిత్ర అడిగితే తమిళనాడు చరిత్ర, ఆంధ్ర చరిత్ర అని రెండు పుస్తకాలు వెతకక్కరలేదు. ఏటి వెంబడి నడిస్తే చాలు.

ఈ ఏటి నేలలో మనిషి మట్టిని కాల్చడం ఎంత పాతదో పయ్యంపల్లి చెబుతుంది. తిరుపత్తూరు దగ్గరి ఊరు, 2019లో జిల్లా విడిపోయేదాకా మన వేలూరు జిల్లాలోదే. అక్కడ 1964-65లోనూ, 1967-68లోనూ భారత పురావస్తు శాఖ తరఫున ఎస్.ఆర్. రావు తవ్వకాలు జరిపించారు. కింది పొరల్లో కొత్తరాతియుగం, పైన పెద్దరాతి సమాధుల కాలం బయటపడ్డాయి. చేతితో చేసిన బూడిదరంగు కుండలు, మాడిన ఉలవలు, పెసలు, పశువుల ఎముకలు దొరికాయి. ఆవులను, మేకలను మేపుకుంటూ, ఉలవలు తింటూ, మట్టి కాల్చుకుంటూ బతికినవాళ్ళు మనకన్నా మూడు వేల ఏళ్ళకు పైగా ముందే ఇక్కడ ఉన్నారన్నమాట.

పెద్దరాతి సమాధుల కాలంలో చనిపోయినవారి ఎముకలను కాల్చిన మట్టి తొట్టెల్లో పెట్టేవారు. ఆ తొట్టెలకు కింద వరసగా పొట్టి కాళ్ళుంటాయి. ఉత్తర తమిళనాడులో ఇవి చాలాచోట్ల దొరికాయి. కడప జిల్లా శంఖవరంలో దొరికిన తొట్టె ఇంకొక అడుగు ముందుకు వేసింది. దానికి కాళ్ళతో పాటు పొట్టేలు తల ఉంది. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం సొత్తు. చెన్నై వెళ్ళినప్పుడు పిల్లలకు తప్పక చూపించవలసిన వస్తువు. మన వైపు మట్టి జంతువు మొదట్లో ఆటవస్తువు కాదని అది చెబుతుంది. పోయినవారిని వీపున మోసుకుపోయే తోడుగా దాన్ని చేశారు.

తర్వాత మనందరికీ తెలిసిన మట్టి గుర్రాలు. ఊరి పొలిమేరలో అయ్యనారు గుడి ముందు, మునీశ్వరుడి గుడి ముందు వరసగా నిలబడి ఉంటాయి. ఊళ్ళో ఎవరికీ గుర్రం ఉండదు, అయినా గుర్రమే ఎందుకు? రాత్రిపూట దేవుడు ఊరిచుట్టూ కాపలా తిరగాలంటే ఎక్కడానికి వాహనం కావాలి. గుర్రం రాజుల సవారీ. కాపలా దేవుడికి ఊరు ఇవ్వగలిగిన రాజమర్యాద అది. మొక్కు తీరితే ఇంకో గుర్రం వచ్చి వరసలో చేరుతుంది. పాతది ఎండకు, వానకు పగిలి అక్కడే మట్టిలో కలిసిపోతుంది. దాన్ని ఎవరూ బాగుచేయరు. బాగుచేయకపోవడం నిర్లక్ష్యం అనుకోకండి. అదే పద్ధతి. మొక్కు చెల్లింది, గుర్రం పని అయిపోయింది.

ఆ గుర్రాన్ని ఎలా చేస్తారో పిల్లలకు తెలియాలి. చెరువు మన్ను తెచ్చి నానబెట్టి, రాళ్ళు ఏరి, ఇసుకా వరి పొట్టూ కలిపి కాళ్ళతో తొక్కుతారు. ఇసుక, పొట్టు ఎందుకంటే ఉత్త బంకమన్ను ఎండేటప్పుడు ముడుచుకుపోయి చీలుతుంది. కాళ్ళు నాలుగూ నాలుగు గొట్టాలు. పొట్ట ఒక పెద్ద కుండ. మెడ, తల విడిగా చేసి అతుకుతారు. లోపల అంతా డొల్ల. గట్టిగా ముద్దగా చేస్తే లోపలి తేమ ఆవిరై, బయటికి దారిలేక, కాల్చేటప్పుడు బొమ్మ పేలిపోతుంది. ఒక్కరోజులో అయ్యే పని కూడా కాదు. కాళ్ళు కాస్త బిగిసేదాకా ఆగి పొట్ట పెట్టాలి, పొట్ట బిగిసేదాకా ఆగి మెడ పెట్టాలి. తొందరపడితే గుర్రం మోకాళ్ళ మీద కూలబడుతుంది. నీడలో ఆరబెట్టి, గడ్డీ పిడకలూ కట్టెలూ పేర్చి, పైన మట్టి మెత్తి కాలుస్తారు. ఆ మంట ఏడెనిమిది వందల డిగ్రీలు దాటుతుంది. మట్టిలో రేణువులకు అంటుకుని ఉన్న నీరు పూర్తిగా పోయి, ఇక నీళ్ళలో వేసినా కరగని వస్తువు అవుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మట్టి గుర్రం ఎప్పుడూ నాలుగు కాళ్ళ మీద, లావుపాటి కాళ్ళ మీద, నిటారుగా నిలబడుతుంది. వేలూరు కోటలో జలకంఠేశ్వరుడి గుడి కల్యాణ మండపానికి వెళ్ళి చూడండి. విజయనగర కాలపు ఆ స్తంభాల మీద గుర్రాలు, యాళులు ముందుకాళ్ళు పైకెత్తి, వెనకకాళ్ళ మీద లేచి దూకుతుంటాయి. శిల్పికి ధైర్యం ఎక్కువ, కుమ్మరికి తక్కువ అని కాదు. రాతి గుర్రానికి వెనక స్తంభం ఆసరా ఉంది, కాబట్టి లేవగలదు. పచ్చి మట్టికి ఆ ఆసరా లేదు, కాబట్టి నాలుగు కాళ్ళూ నేలమీద పెట్టాలి. ఏనుగు తొండం కూడా అంతే. గాలిలోకి చాస్తే విరుగుతుంది గనుక కుమ్మరి దాన్ని కాలికి ఆనిస్తాడు, లేదా మడిచి నుదుటికి అతుకుతాడు. జంతువు ఎలా నిలబడాలో సగం చేయి నిర్ణయిస్తే, సగం పదార్థం నిర్ణయిస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పాలిమర్ క్లే దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

మట్టి జంతువుల గురించి మన తెలుగువాళ్ళలో ఉన్న పెద్ద కథ శాలివాహనుడిది. ప్రతిష్ఠానపురంలో కుమ్మరి ఇంట పెరిగిన పిల్లవాడు మట్టితో గుర్రాలు, ఏనుగులు, సైనికులు చేసి ఆడుకునేవాడు. విక్రమార్కుడు దండెత్తి వస్తే ఆ మట్టి సైన్యానికే ప్రాణం వచ్చి లేచి యుద్ధం చేసిందని కథ. చరిత్రగా చూస్తే శకం సా.శ. 78లో మొదలైంది, దానికి శాలివాహనుడి పేరు చేరింది ఎన్నో శతాబ్దాల తర్వాత. కానీ కథ కథగా చెప్పేది తక్కువ కాదు. తెలుగు కుమ్మరులు ఇవాళ్టికీ తమను శాలివాహనులని చెప్పుకుంటారు. ఏ కులం వాళ్ళయినా తమ పూర్వీకుడిని కత్తి పట్టినవాడిగా చెప్పుకోవడం చూస్తాం. వీళ్ళు మాత్రం మట్టి ఏనుగు చేసిన పిల్లవాడిని చెప్పుకున్నారు.

తిరుమల వైపు ఇంకో కథ ఉంది. కురవనంబి అనే కుమ్మరి పని మధ్యలో చేతికి అంటిన మట్టితోనే పువ్వులు చేసి స్వామికి సమర్పించేవాడని, రాజుగారి బంగారు పువ్వుల పక్కన ఆ మట్టి పువ్వులు కనిపించేవని చెబుతారు. ఇప్పటికీ శ్రీవారికి నిత్యం కొత్త ఓటికుండలో పెరుగన్నం నివేదన ఉంది.

ఇక గంగమ్మ. గుడియాత్తంలో వైకాశి 1న, అంటే మే నెల మధ్యలో, గంగమ్మ శిరస్సు పండుగ మనకు చెప్పక్కరలేదు. తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి శిరస్సు ఊరేగి గోపాలపురం గుడిలో దేహాన్ని చేరుతుంది. రేణుకమ్మ కథ అది. అదే మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. అక్కడ చివరి రాత్రి గుడిముందు బంకమన్నుతో అమ్మవారి విశ్వరూపాన్ని మెత్తుతారు. తెల్లవారేసరికి ఆ రూపాన్ని ఛేదిస్తారు. ఆ మట్టిని భక్తులు కళ్ళకద్దుకుని ఇంటికి తీసుకుపోతారు. అంత పెద్ద రూపం ఒక్క రాత్రికే. కర్నూలు, రాయచూరు వైపు జ్యేష్ఠ అమావాస్యకు మట్టెద్దులు చేసి పూజిస్తారు, ఆ ఎద్దులూ ఏడాదంతా దాచుకునేవి కావు. మన వినాయకుడి సంగతి సరేసరి.

ఇన్ని చూశాక మన బొమ్మలను మూడు రకాలుగా విడదీయవచ్చు అనిపిస్తుంది. నేలలో పెట్టేవి, దేవుడికి ఇచ్చేసేవి, ఇంట్లో దాచుకునేవి. శంఖవరం పొట్టేలు మొదటి రకం. అయ్యనారు గుర్రం, వినాయకుడు, మట్టెద్దు రెండో రకం. మూడో రకం బొమ్మల కొలువు. కోస్తా వాళ్ళు సంక్రాంతికి పెడతారు, మన వైపు నవరాత్రికి పెడతాం. అమ్మమ్మ పెట్టిన ఆవూదూడా బొమ్మను మనవరాలు మళ్ళీ పెట్టె తీసి మెట్టు మీద పెడుతుంది. కంచిలో బొమ్మలు చేసేవారి పేరుతో వీధే ఉంది. మన ఎగువన పలమనేరు ఇప్పటికీ టెర్రకోట పనికి పేరున్న ఊరు, అక్కడి గుర్రాలు, ఏనుగులు ఇప్పుడు గుడి ముందుకన్నా ఇళ్ళ వరండాల్లోకి, తోటల్లోకి ఎక్కువ పోతున్నాయి. ఇచ్చేసే గుర్రం మెల్లగా దాచుకునే గుర్రం అయింది. కాట్పాడి దగ్గరి కరిగిరి అంటే ఇవాళ అందరికీ కుష్ఠు ఆసుపత్రి గుర్తొస్తుంది గానీ, ఆ ఊరు ఒకప్పుడు మెరుగుపూత మట్టి సామానుకు పేరుపొందింది. అదీ మన పిల్లలకు తెలియాలి.

ఇప్పుడు పాలిమర్ క్లే కథ. దీని పుట్టుక కూడా బొమ్మల ఇంట్లోనే. జర్మనీలో కేథే క్రూజే అని పేరుమోసిన బొమ్మల తయారీదారు ఉండేది. రెండో ప్రపంచయుద్ధం నాటికి బొమ్మల తలలకు వాడే సామాగ్రి దొరకడం కష్టమై, ఒక ప్లాస్టిక్ ముద్ద ఆమె దగ్గరికి వచ్చింది. కార్ఖానా పనికి అది నచ్చలేదు. కూతురు సోఫీకి ఇచ్చింది. ఇంట్లో ఆమె ముద్దుపేరు ఫీఫీ. ఆమె దాన్ని రంగులతో మెరుగుపరిచి, తన పేరుమీదే అమ్మింది. 1964లో ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీ దాన్ని కొని ఫీమో అనే పేరుతో మార్కెట్లో పెట్టింది. అమెరికాలో స్కల్పీ పుట్టుక ఇంకా విచిత్రం. ట్రాన్స్‌ఫార్మర్లలో వేడిని బయటికి లాగడానికి ఒక పదార్థం తయారుచేయబోతే అది ఆ పనికి పనికిరాలేదట. ఎవరో చేతిలోకి తీసుకుని నలిపి చిన్న బొమ్మ చేసి కాల్చి చూస్తే గట్టిపడింది. అలా 1960లలో బొమ్మల సామానుగా బయటికొచ్చింది.

పేరులో క్లే ఉన్నా ఇందులో నేల మన్ను లేదు. పీవీసీ పొడి, దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి ద్రవం, రంగులు, కొంత నింపుడు పొడి. ఇంటి నీళ్ళ పైపులు చేసే పీవీసీయే. 110 నుంచి 135 డిగ్రీల వేడిలో ఆ రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గట్టి ప్లాస్టిక్ అవుతుంది. ఎంత వేడి, ఎంతసేపు అనేది ఆ పొట్లం మీదే రాసి ఉంటుంది, దాన్నే పాటించాలి. వేడి మించితే మాడి, కళ్ళూ గొంతూ మండే పొగ వస్తుంది. కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి, దానికి విడిగా ఒక పళ్ళెం పెట్టుకోవాలి, పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. మైక్రోవేవ్‌లో పెట్టనే కూడదు. మన అంగళ్ళలో దొరికే రెండు ముద్దలు కలిపి చేసే రకం వేరు. అది రెసిన్, గట్టిపరిచే ముద్ద కలిసి తనంత తానే బిగుస్తుంది, ఓవెన్ అక్కరలేదు. అంగట్లో రెంటినీ క్లే అనే అడుగుతాం గనుక, కొనేటప్పుడు పొట్లం చదవండి.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ. పాలిమర్ క్లేలో లోపల సన్నని తీగ పెట్టవచ్చు, అల్యూమినియం రేకు ఉండచుట్టి పొట్టలో దాచవచ్చు. ఎండేటప్పుడు ముడుచుకుపోదు గనుక తీగ మీద చీలదు. అందుకే ఇందులో గుర్రం ఒక్క కాలి మీద దూకగలదు, ఏనుగు తొండం గాలిలోకి చాచగలదు. కోట మండపంలో రాతి గుర్రానికి ఉన్న స్వేచ్ఛ మన పిల్లవాడి అరచేతిలోకి వచ్చింది. రోజుల తరబడి ఆగక్కరలేదు, సాయంత్రం మొదలుపెడితే రాత్రికి బొమ్మ చేతిలో ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. పిల్లలకు కంటిచూపు, వేలి ఒడుపు నేర్పడానికి మంచి సాధనమే. దాన్ని తీసిపారేయాలని ఎవరన్నా అంటే మేము ఒప్పుకోము.

అయితే దానికి ఒక గుణం లేదు. తిరిగి మన్ను కావడం దానికి చేతకాదు. అయ్యనారు గుర్రం వానకు పగిలి పొలిమేర మట్టిలో చేరుతుంది. గంగమ్మ విశ్వరూపం తెల్లవారి ఇళ్ళకు చేరుతుంది. పీవీసీ ఏనుగును ఏట్లో వేస్తే పీవీసీ ఏనుగుగానే ఉంటుంది. చెత్తతో పాటు కాల్చితే ఆమ్లపు పొగ. ఏట్లో కలపకూడనిది కలిపితే ఏమవుతుందో మన పాలారు ఒడ్డువాళ్ళకు ఒకరు చెప్పాలా? తోళ్ళ కార్ఖానాల నీళ్ళ మీద వేలూరు పౌరుల వేదిక సుప్రీంకోర్టుకు వెళితే 1996లో వచ్చిన తీర్పును ఇవాళ దేశమంతా న్యాయ కళాశాలల్లో పాఠంగా చదువుతున్నారు. పాఠం మన ఏరు, నష్టం మన బావులు. విగ్రహాల నిమజ్జనం మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో ఇచ్చి, 2020లో సవరించిన మార్గదర్శకాలు కూడా ప్లాస్టిక్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వద్దు, సహజమైన మట్టి వాడండి అనే చెబుతున్నాయి.

కాబట్టి మన తగువుకు పాత పద్ధతిలోనే జవాబు ఉంది. ఇచ్చేసే బొమ్మ మట్టిది, దాచుకునే బొమ్మ ఏదైనా సరే. కొలువు మెట్టు మీద పాలిమర్ క్లే ఆవు పదేళ్ళు ఉంటే సంతోషం. వినాయకుడి కింద పెట్టే ఎలుక, మొక్కు గుర్రం, నీళ్ళలో కలిపే ఏ బొమ్మ అయినా సరే, పచ్చి మట్టితోనే చేయాలి. వేసవి తరగతుల్లో మొదటి వారం మట్టి, రెండో వారం పాలిమర్ క్లే పెడదామని మా సూచన. ముందు మట్టితో చేస్తే బరువు ఎక్కడ ఆనాలో, అతుకు ఎక్కడ పెట్టాలో, ఎందుకు ఆగాలో చేతికి తెలుస్తుంది. ఆ తర్వాత తీగతో దూకే గుర్రం చేసినా అది కూలదు. మట్టి వారానికి మన చుట్టుపక్కల కుమ్మరి పని చేసేవారిని పిలుద్దాం. వచ్చి చూపించి పోమ్మనడం కాదు, గురువుగా కూర్చోబెట్టి, డ్రాయింగ్ మాస్టరుకు ఇచ్చే జీతమే ఇద్దాం. పొయ్యి మీదికి స్టీలు వచ్చాక, బిందెల్లోకి ప్లాస్టిక్ వచ్చాక కుండ అమ్ముకుని బతకడం వాళ్ళకు ఎంత కష్టమైందో మనం కళ్ళతో చూశాం. వాళ్ళ పిల్లలు సారె ముట్టుకోకపోతే తప్పు వాళ్ళది కాదు.

ఏ జంతువులు చేయించాలి? పొట్లం మీద బొమ్మలో ఉండే పాండా, పెంగ్విన్ పిల్లలు ఎలాగూ చేస్తారు. మన జంతువులు కూడా ఉన్నాయి. మంగళవారం పొయ్‌గై సంతకు తీసుకువెళితే ఒక్క ఉదయంలో ఎన్ని రకాల కొమ్ములో చూడవచ్చు. పొంగలి రోజుల్లో ఎద్దులు విడిచే పండుగలో పరుగెత్తే ఎద్దు మూపురం ఎలా ఊగుతుందో మన పిల్లలకు తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియదు. పాత ఉత్తర ఆర్కాటు వైపుదే అయిన పుంగనూరు ఆవు, నడుమెత్తు కూడా ఉండదు, పొట్టి కాళ్ళు, మట్టి బొమ్మకే పుట్టినట్టు ఉంటుంది. కౌండిన్య అడవి నుంచి గుడియాత్తం, పేర్ణంబట్టు పొలాల్లోకి దిగే ఏనుగులు ఉన్నాయి. పళ్ళికొండ రంగనాథుడి పడక అయిన ఆదిశేషుడు ఉన్నాడు. పాము చుట్టలు చేయడం పిల్లలకు మొదటి పాఠంగా అన్నిటికన్నా సులువు.

చివరగా ఒక విన్నపం. ఈ పనికి మన ఇళ్ళల్లో ఉన్న తెలుగు మాటలు పోతున్నాయి. సారె, ఆము, బంకమన్ను, ఓటికుండ, మూకుడు, పిడత. మన పిల్లలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతారు, అది మంచిదే. తెలుగు వినేది ఇంట్లోనే. చేతిలో మట్టి ఉన్నప్పుడు చెప్పిన మాట నోట్లో నిలుస్తుంది, పలకమీద రాయించినది నిలవదు. అందుకే తరగతి తెలుగులో జరగాలి. మీ ఇంట్లో పాత కొలువు బొమ్మలు, పూర్వం గుర్రం మొక్కిన గుడి పేరు, మీ పెద్దలు వాడిన మట్టిపని మాటలు ఏమున్నా మాకు తెలియజేయండి. బొమ్మలను పెట్టెలోంచి తీసి ఫొటో తీసి ఉంచండి, ఎవరు చేశారో పెద్దవాళ్ళను అడిగి వెనకాల పేరు రాయండి. వాళ్ళు ఉండగానే అడగండి.